కత్తి పదును తగ్గిందని కంట తడి!

ఆటలో అలక కొత్త సంగతి కాదు. అష్టాచెమ్మాలో పండబోయే కాయ చచ్చిపోతే మూతి ముడుచుకున్న పిల్లలూ, పేకాటలో వరసగా మూడు ఆటలు పోయేసరికి ముక్కలు విసిరికొట్టిన పెద్దలూ మన ఇళ్లలో లేకపోలేదు. అవన్నీ ఓడిపోయినందుకు వచ్చిన అలకలు. ఓడకపోయినా, ఆట నియమంలో ఆవగింజంత మార్పు వచ్చిందని కంట తడి పెట్టేవాళ్లూ, వూరేగింపులు తీసేవాళ్లూ, లక్షల సంతకాలతో అర్జీలు పెట్టేవాళ్లూ ఈ కాలంలో తయారైనారు. ఇంటర్నెట్టులో సాగే మాయాలోకపు ఆటల్లో ఇది నిత్యం జరిగే తంతు.

"ఇదేం పిచ్చి!" అని పెద్దలు కొట్టిపారేయవచ్చు. కాని కొంచెం దగ్గరికి వెళ్లి చూస్తే ఇందులో పిచ్చి తక్కువ, మనిషి మనసు ఎక్కువ అని తెలుస్తుంది. ఆ మనసే మన ఇళ్లలోనూ, ఆఫీసుల్లోనూ, సంఘాల్లోనూ పని చేస్తున్నది. అందుకే ఈ నెల ఆ సంగతి కొంత ముచ్చటించదలచాము.

ఇవి ఎట్లాంటి ఆటలు?

మన జానపద సినిమాలు చూసినవాళ్లకు ఈ లోకాలను వర్ణించి చెప్పనక్కరలేదు. మాంత్రికులు, మరుగుజ్జులు, రాక్షసులు, నిధులను కాపలా కాసే మహాసర్పాలు, మంత్రపు కత్తులు అన్నీ వుంటాయి. ఆడదలచినవాడు మొదట ఒక వేషం ఎంచుకుంటాడు. వీరుడో, విలుకాడో, వైద్యుడో, మంత్రగాడో అవుతాడు. చిన్న చిన్న జంతువులను చంపడంతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతాడు. ఆ మెట్లనే లెవెళ్లంటారు. ఒక్కొక్క లెవెలుకు గంటలు, రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు పడుతుంది.

మనమెరిగిన ఆటలకూ వీటికీ రెండు తేడాలున్నాయి. మొదటిది, ఒకే లోకంలో ఒకేసారి వేలమంది వుంటారు. పక్కన నడిచే వీరుడు ఏ దేశంవాడో, ఏ వయసువాడో తెలియదు. రెండవది, ఈ ఆటకు ముగింపు లేదు. మనం కంప్యూటరు ఆపి నిద్రపోయినా ఆ లోకం నడుస్తూనే వుంటుంది. తెల్లవారి వెళితే మన సంచీ, మన కత్తి, మన గుర్రం ఎక్కడ వదిలామో అక్కడే వుంటాయి. అంటే అది ఆట మాత్రమే కాదు, ఒక విధంగా కాపురం కూడా.

దీనికి బీజం 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పడింది. రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆట తయారుచేశారు. అందులో బొమ్మలు లేవు, అన్నీ అక్షరాలే. 1997లో అల్టిమా ఆన్‌లైను, 2001లో రూన్‌స్కేప్, 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. ఈ కడపటిదానికి నెల నెలా చందా కట్టి ఆడేవారి సంఖ్య 2010లో కోటీ ఇరవై లక్షలకు చేరింది. ఎన్నో దేశాల జనాభా అంత వుండదు.

ఒక మాట ముందే చెప్పాలి. డబ్బు కట్టి క్రికెట్ జట్లు కూర్చే పందేలను కూడా ఫాంటసీ ఆటలే అంటారు. వాటి సంగతి వేరు. డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసింది. మేము చెప్పబోయే ఆటలు ఆ కోవలోవి కావు.

పదో వంతు తగ్గితే ఏమవుతుంది?

ఇంత పెద్ద లోకాన్ని నడిపే కంపెనీ దాన్ని వున్నదున్నట్టు వదిలేయలేదు. ఒక వేషం మరీ బలంగా తయారైతే అందరూ అదే వేషం కడతారు, మిగతావి మూలబడతాయి. ఒక గుహలో బంగారం తేలికగా దొరికితే లోకమంతా బంగారమై ధరలు ఆకాశానికి ఎక్కుతాయి. అందుచేత కొన్ని వారాలకో, నెలలకో ఒకసారి సవరణలు చేసి జాబితా ప్రకటిస్తారు. ఒకదాని బలం తగ్గించడాన్ని ఆటగాళ్లు నెర్ఫ్ అంటారు. నెర్ఫ్ అన్నది పిల్లలకు దెబ్బ తగలకుండా స్పాంజితో తుపాకులూ బంతులూ చేసే ఒక అమెరికా బొమ్మల రకం పేరు. "మా కత్తిని స్పాంజి కత్తి చేశారు" అన్న ఎత్తిపొడుపు ఆ మాటలో వున్నది.

మార్పు చిన్నదే గదా, గోల ఎందుకు అనేవారికి ఒక చిన్న లెక్క చెబుతాము. ఒక రాక్షసికి వెయ్యి పాళ్ల ప్రాణం వున్నదనుకోండి. మన కత్తి ఒక్క వేటుకు నూరు పాళ్లు తీస్తుంది. పది వేట్లకు రాక్షసి కూలుతుంది. కంపెనీవారు కత్తి బలాన్ని నూటికి పది తగ్గించి తొంభై చేశారు. ఇప్పుడు పది వేట్లకు పోయేది తొమ్మిది వందలే. పదకొండో వేటుకు తొమ్మిది వందల తొంభై. ఇంకా పది పాళ్ల ప్రాణంతో రాక్షసి నిలబడే వుంటుంది. పన్నెండో వేటు పడాలి. అంటే కాగితం మీద తగ్గింది నూటికి పది, చేతికి పెరిగిన పని నూటికి ఇరవై. అంతటితో అయిందా? ఆ రాక్షసి మనల్ని పదకొండు దెబ్బల్లో చంపగలదనుకోండి. నిన్నటిదాకా గెలిచే యుద్ధం నేటినుంచి ఓడిపోయే యుద్ధమవుతుంది.

ఆఫీసుల్లో లెక్కలు రాసే మాబోటివాళ్లకు ఇది వింత కాదు. జీతాల చిట్టాలో ఒక అంకె ఒక గడిలోనుంచి పక్క గడిలోకి జరిగితే, చూసేవాడికి అది అంకె జరగడమే. నెలాఖరున ఆ జీతం అందుకునేవాడికి మాత్రం అది కూతురి ఫీజు. మార్పు చిన్నదా పెద్దదా అని తేల్చవలసింది దాన్ని చేసినవాడు కాదు, దానికింద బతికేవాడు.

తీసివేత వేరు, కూడిక వేరు

ఇక మనసు సంగతి. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ప్రకటించిన సిద్ధాంతంలో ఒక ముఖ్యమైన మాట వున్నది. పది రూపాయలు దొరికితే కలిగే సంతోషంకన్న, పది రూపాయలు పోతే కలిగే దుఃఖం పెద్దది. 1990లో కానెమన్ మరి ఇద్దరితో కలిసి విద్యార్థులకు కాఫీ కప్పులు పంచి చూసిన పరీక్ష ఒకటి ప్రసిద్ధమైంది. సగంమందికి కప్పులిచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. తక్కిన సగంమందిని ఎంతకు కొంటారని అడిగారు. కప్పు ఒకటే. అయినా చేతిలో వున్నవాడు చెప్పిన ధర, లేనివాడు చెప్పిన ధరకు సుమారు రెట్టింపు! చేతికి వచ్చి నాలుగు నిమిషాలైనా కాని కప్పు మీద అంత మమకారముంటే, ఆరు నెలలు రాత్రిళ్లు మేల్కొని సంపాదించిన కత్తి మీద ఎంత వుండాలి?

ఈ సంగతిని వార్‌క్రాఫ్ట్ తయారుచేసినవారు ఆట విడుదల కాకముందే తెలుసుకున్నారు. ఆటగాళ్లు ఏకధాటిగా ఆడకుండా నడుమ విశ్రాంతి తీసుకోవాలని వారికి సదుద్దేశం కలిగింది. అందుకని పరీక్షదశలో ఒక నియమం పెట్టారు. కొంతసేపు ఆడిన తరువాత వేషధారి అలసిపోతాడు. అప్పటినుంచి వాడికి వచ్చే మార్కులు సగమే. పరీక్షకు వచ్చిన ఆటగాళ్లు మండిపడ్డారు. "మేము ఆడుతున్నందుకు జుల్మానా వేస్తారా?" అన్నారు.

అప్పుడు కంపెనీవారు నియమాన్ని తీసివేయలేదు. తిరగేసి చెప్పారు. విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి కొంతసేపు రెట్టింపు మార్కులు. ఆ తరువాత మామూలు మార్కులు. మెట్టు ఎక్కడానికి కావలసిన మార్కులను దానికి తగ్గట్టు సరిచేశారు. లెక్క దాదాపు ఎప్పటిదే. పేరు మాత్రం మారింది. సగం అన్నది మామూలు అయింది; మామూలు అన్నది బహుమానమయింది. అలిగినవాళ్లే మెచ్చుకున్నారు. ఈ నాటికీ ఆ ఆటలో సత్రంలో పడుకుని లేచిన వీరుడికి ఆ బహుమానం దొరుకుతూనే వున్నది.

నాలుగు రంగుల ముక్కలు

ఒకే మార్పుకు అందరూ ఒకేలాగా చలించరు. మొదట చెప్పిన బార్టిల్ మహాశయుడు 1996లో ఒక వ్యాసం రాసి, ఆటగాళ్లను పేకముక్కల నాలుగు రంగులుగా విభజించాడు. పేకాట ఎరిగిన మన పాఠకులకు ఇది సులువుగా పట్టుబడుతుంది.

డైమను ముక్కలు సంపాదనపరులు. లెవెళ్లు, బంగారం, బిరుదులు వారికి ముఖ్యం. కత్తి బలం తగ్గితే మొదట కేక వేసేది వీరే. ఇస్పేటు ముక్కలు అన్వేషకులు. ఇంగ్లీషులో ఇస్పేటుకు పార అని కూడా అర్థం గదా; వీరు తవ్వి చూసే రకం. మార్పు వస్తే వీరికి పండుగ. కొత్త నియమంలో లొసుగు ఎక్కడున్నదో తెల్లవారేసరికి కనిపెడతారు. ఆఠీను ముక్కలు స్నేహపరులు. వారికి కత్తులతో పని లేదు. నలుగురు చేరి కబుర్లు చెప్పుకునే సత్రం కూలదోస్తేనే వారికి కోపం. కళావరు ముక్కలు పోట్లాటపరులు. ఇతరులను కొట్టడమే వారి వినోదం. బలహీనులకు రక్షణ కల్పించే ఏ మార్పు వచ్చినా వీరు గొల్లుమంటారు.

కనుక కంపెనీ ఏ ఒక్క మరను తిప్పినా ఒకరు నవ్వుతారు, ఒకరు ఏడుస్తారు. మన సంఘంలో వుగాది సభను ఉదయంనుంచి సాయంత్రానికి మార్చితే ఏం జరుగుతుందో కార్యదర్శులను అడగండి. ఉద్యోగస్థులు సంతోషిస్తారు, వంటవారు విసుక్కుంటారు, పచ్చడి పరగడుపున తినాలనే పెద్దలు రావడమే మానేస్తారు. మార్చినది గడియారం ముల్లు ఒక్కటే!

తమ్ముడికి కత్తి ఇవ్వరాదా?

మంచికి చేసిన మార్పు కూడా ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పడానికి రూన్‌స్కేప్ కథ మంచి ఉదాహరణ. ఈ ఆటను ఇంగ్లాండులో గోవర్ సోదరులు మొదలుపెట్టారు. కేంబ్రిడ్జిలోని జాగెక్స్ కంపెనీ నడుపుతున్నది. బడిపిల్లలు విశేషంగా ఆడేవారు. కొంతకాలానికి ఆటలోని బంగారాన్ని బయట అసలు డబ్బుకు అమ్మే దళారులు చేరారు. దొంగిలించిన బ్యాంకు కార్డులతో చందాలు కట్టి, యంత్రాలచేత ఆడించి, బంగారం పోగుచేసి అమ్మేవారు. కంపెనీకి ఇది ప్రాణం మీదికి వచ్చింది.

2007 డిసెంబరులోనూ, 2008 జనవరిలోనూ కంపెనీ కట్టుదిట్టాలు చేసింది. ఒకరి వస్తువు మరొకరికి ఇవ్వాలంటే దానికి దాదాపు సమాన విలువగల వస్తువు తిరిగి పుచ్చుకోవాలన్నది. వీరులు ఒకరితో ఒకరు పోరాడి, ఓడినవాడి సొత్తు గెలిచినవాడు తీసుకునే అడవిప్రాంతంలో ఆ పోరాటాలను ఆపేసింది. దళారుల ఆట కట్టింది. నిజమే. కాని ఆ మాటతోబాటే అన్న తన పాత కత్తిని కొత్తగా చేరిన తమ్ముడికి ఇవ్వడం కూడా కట్టిపోయింది. స్నేహితుడికి పుట్టినరోజు కానుక ఇవ్వడానికి వీల్లేదు. ఆటలోని ఫాలడార్ అనే పట్టణంలో వేషధారులు గుంపులు గుంపులుగా చేరి నినాదాలు చేశారు. ఎందరో చందాలు మానుకున్నారు.

మూడేళ్లు గడిచాయి. కోపం చల్లారలేదు. చివరకు కంపెనీ ఓట్లు పెట్టింది. పన్నెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. నూటికి తొంభైమందికి పైగా పాత పద్ధతి కావాలన్నారు. 2011 ఫిబ్రవరి 1న ఇచ్చిపుచ్చుకునే స్వేచ్ఛ తిరిగి వచ్చింది.

ఇక్కడ గమనించవలసిన ముచ్చట ఒకటున్నది. నియమం రాసినవాడు దాన్ని దొంగను దృష్టిలో పెట్టుకుని రాశాడు. చదివినవాడు దాన్ని తన తమ్ముణ్ణి దృష్టిలో పెట్టుకుని చదివాడు. ఇద్దరిదీ తప్పు కాదు. అయినా మూడేళ్లు మనస్పర్థ మిగిలింది.

ఒంటికంటి అద్దం మీద తిరుగుబాటు

ఐస్‌లాండు రాజధాని రేక్యావిక్‌లో సి.సి.పి. అనే కంపెనీ ఈవ్ ఆన్‌లైను అనే ఆటను 2003నుంచి నడుపుతున్నది. ఇందులో మాంత్రికుల బదులు అంతరిక్ష నౌకలు వుంటాయి. 2011 జూన్‌లో కంపెనీ ఒక చిన్న దుకాణం తెరిచింది. వేషధారులకు కోట్లు, చొక్కాలు, అలంకారాలు అక్కడ అమ్ముతారు. అందులో ఒక ఒంటికంటి అద్దం ధర అసలు డబ్బులో అరవై డాలర్లకు పైచిలుకు! అది పెట్టుకుంటే యుద్ధంలో ఒరిగేది ఏమీ లేదు. అలంకారమే.

ఇష్టం లేనివాడు కొనకుండా వూరుకోవచ్చు గదా? వూరుకోలేదు. అదే సమయంలో కంపెనీ లోపలి పత్రిక ఒకటి బయటికి పొక్కింది. అలంకారాలే కాక ఆటకు పనికివచ్చే వస్తువులను కూడా డబ్బుకు అమ్మితే ఎట్లా వుంటుందన్న చర్చ అందులో వున్నది. దానితో అగ్గి రాజుకున్నది. వందలకొద్దీ నౌకలు జీటా అనే వ్యాపార కేంద్రానికి చేరి, అక్కడి పెద్ద విగ్రహాన్ని తుపాకులతో పేల్చసాగాయి. ఆ విగ్రహం పగిలేది కాదు. అది అందరికీ తెలుసు. అయినా గంటలతరబడి పేల్చారు.

ఆ ఆటకు ఒక విశేషం వున్నది. 2008నుంచి ఆటగాళ్లు ఓట్లు వేసి తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. కంపెనీవారు ఆ ప్రతినిధులను హుటాహుటిన విమానాల్లో రేక్యావిక్ రప్పించి చర్చలు జరిపారు. అలంకారాలు తప్ప ఆయుధాలు డబ్బుకు అమ్మబోమని మాట ఇచ్చారు. ఆ అక్టోబరులో కంపెనీ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెబుతూ లేఖ రాశాడు. తరువాత 2014లో రేక్యావిక్ రేవు దగ్గర ఒక నిజమైన స్మారకస్తంభం నిలబెట్టి, దాని పీఠం మీద ఆటగాళ్ల వేషాల పేర్లు చెక్కించారు.

అద్దం వల్ల పోయింది ఏమిటంటే, నమ్మకం. ఇవాళ అద్దం, రేపు ఫిరంగి అన్నది వారి భయం. కష్టపడి ఎక్కినవాడూ, డబ్బు పారేసి ఎక్కినవాడూ ఒకే మెట్టు మీద నిలబడితే ఆ మెట్టుకు విలువ ఏమున్నది?

వూరికి పాకిన రోగం

ఒక్కొక్కప్పుడు మార్పు చేసినవారికే దాని ఫలితం తెలియదు. 2005 సెప్టెంబరు 13న వార్‌క్రాఫ్ట్‌లో ఒక కొత్త కోట తెరిచారు. దాని అధిపతి హక్కార్ అనే సర్పరాజు. వాడితో పోరాడేవారికి ఒక రక్తరోగం అంటుతుంది. దగ్గర నిలబడినవాడికి కూడా పాకుతుంది. కోటలోపల మాత్రమే వుండవలసిన రోగం అది. ఆటగాళ్ల పెంపుడు జంతువుల మీద ఎక్కి బయటి పట్టణాలకు వచ్చేసింది. చిన్న లెవెళ్లవారు క్షణాల్లో చచ్చారు. వీధులన్నీ అస్థిపంజరాలు.

అప్పుడు మనుషులు ఏం చేశారో చూడండి. వైద్యుల వేషంలో వున్న కొందరు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి రోగులకు సేవ చేశారు. కొందరు పట్టణాలు వదిలి అడవులకు పారిపోయారు. కొందరు రోగం ఎట్లా వుంటుందో చూద్దామని వచ్చి అంటించుకుని పోయారు. కొందరు కావాలనే మోసుకెళ్లి అంటించారు. కంపెనీ విధించిన నిర్బంధాలను జనం లక్ష్యపెట్టలేదు. చివరకు కంపెనీవారే లోపం సరిచేసి రోగాన్ని తుడిచివేయవలసి వచ్చింది. ఎరిక్ లాఫ్‌గ్రెన్, నీనా ఫెఫర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2007లో దీని మీద ఒక వైద్య పత్రికలో వ్యాసమే ప్రకటించారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ నాలుగు రకాలవారినీ మనం మన వీధుల్లోనే చూశాము. ఆటలోని మనిషి వేరు, బయటి మనిషి వేరు కాదని రుజువైంది.

"మా పాత వూరు మాకు ఇవ్వండి"

2012 నవంబరులో రూన్‌స్కేప్‌వారు యుద్ధం చేసే పద్ధతినే మార్చారు. కొత్త పద్ధతి అందంగానే వున్నది. అలవాటైన చేతులకు మాత్రం అది పరాయి ఇల్లు అయింది. జనం పలచబడ్డారు. 2013 ఫిబ్రవరిలో కంపెనీ ఒక ప్రశ్న వేసింది: 2007 ఆగస్టునాటి ఆట ప్రతి ఒకటి మా దగ్గర భద్రంగా వున్నది, కావాలా? సుమారు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. ఆ నెలలోనే పాత ఆటను మళ్లీ తెరిచారు.

దాని రాజ్యాంగం విచిత్రమైనది. కొత్త విషయం ఏది చేర్చాలన్నా ఆటగాళ్ల ఓటు కావాలి. నూటికి డెబ్బై అయిదుమంది అవునంటేనే చేరుతుంది. 2022లో ఆ హద్దును డెబ్బైకి దించారు. ఓడలు నడిపే విద్యను చేర్చుదామన్న ప్రతిపాదన 2015లో వీగిపోయింది, 2023లో నెగ్గింది, 2025 నవంబరులో ఆటలోకి వచ్చింది. పదేళ్లు పట్టింది. అయితే వచ్చిననాడు విగ్రహాలను ఎవరూ పేల్చలేదు.

వార్‌క్రాఫ్ట్‌లోనూ ఇదే జరిగింది. పాతకాలపు ఆటను అనుమతి లేకుండా నడుపుతున్న ఒక అభిమానుల లోకాన్ని 2016 ఏప్రిల్‌లో మూయించగా, రెండు లక్షలమందికి పైగా సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. 2019 ఆగస్టులో కంపెనీయే పాత ఆటను అధికారికంగా తెరిచింది.

ఇది చదివితే మనకు నవ్వు రాకూడదు. నాలుగు తరాలుగా ఒరియావారి నడుమ బరంపురంలో కాపురముంటున్న మేము, తాతలు మూట కట్టుకుని వచ్చిన మాటలను ఇంకా వాడుతూనే వున్నాము. వచ్చిన వూళ్లలో ఆ మాటలు ఏనాడో మారిపోయాయి. బంధువుల పెళ్లికి వెళితే "మీ భాష పాతబడిపోయింది" అంటారు. అక్కడివారు దినదినం కొద్దికొద్దిగా మారారు, తెలియలేదు. మనం పాత ప్రతిని భద్రం చేసుకున్నాము, అదీ తెలియలేదు. సోలాపురంలోనో, హోసూరులోనో, మదురలోనో వున్న మన పాఠకులకు ఈ అనుభవం లేకపోదు. పాత ఆట కావాలని సంతకం పెట్టిన కుర్రవాడి మనసు మనకు అర్థం కాకపోతే మరెవరికి అర్థమవుతుంది?

మన ఇళ్లలో

ఇక ఇంటి సంగతి. మేమెరిగిన ఒక ఇంట్లో పదిహేనేళ్ల అబ్బాయి ఒక రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు. తండ్రి అడిగితే, "నా విల్లు బలం తగ్గించారు" అన్నాడు. తండ్రి పకపక నవ్వి, "అది విల్లు కాదురా, బొమ్మ" అన్నాడు. వాడు ఆ తరువాత ఇంట్లో ఆ ఆట మాట ఎత్తలేదు. ఏ మాటా సరిగా ఎత్తలేదు. వారం పోయాక వాళ్ల అమ్మమ్మ, "ఆ విల్లు ఎన్నాళ్లకు సంపాదించావురా నాన్నా?" అని అడిగితే, కూర్చుని గంటసేపు చెప్పాడట. ఎవరితో కలిసి సంపాదించాడు, ఏ దేశపు పిల్లలు తోడు వచ్చారు, మొదట ఎన్నిసార్లు చచ్చారు, అన్నీ. ఆ ఇంట్లో వాడికి అంత స్నేహబృందం వున్నదని అప్పుడే అందరికీ తెలిసింది.

విల్లు బొమ్మే. దానికి పెట్టిన ఆరునెలలు బొమ్మ కాదు. అదొక్కటి పెద్దలు ఒప్పుకుంటే తక్కిన మాటలు చెప్పడానికి దారి దొరుకుతుంది.

చెప్పవలసిన తక్కిన మాటలూ వున్నవి. పోగొట్టుకోవడం మనిషికి ఎంత బాధో కంపెనీలకు బాగా తెలుసు. అందుచేత ఆ బాధనే గాలంగా చేసేవారూ వున్నారు. రోజూ వచ్చి తలుపు తట్టినవాడికి చిన్న బహుమానం. ఒక్కరోజు మానితే వరస తెగి మళ్లీ మొదటినుంచి. పరీక్షల రోజుల్లో కూడా పిల్లవాడు ఫోను వదలకపోవడానికి ఈ వరస భయం ఒక కారణం. ఆట మీద అదుపు తప్పి, చదువూ తిండీ నిద్రా వెనకబడి, ఇది ఏడాదిదాకా సాగితే దాన్ని వ్యాధిగా పరిగణించాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయించింది. 2019లో ఆమోదించిన ఆ జాబితా 2022నుంచి అమలులోకి వచ్చింది. ఆ స్థితి కనిపిస్తే అలకలూ బుజ్జగింపులూ చాలవు, వైద్యుణ్ణి చూడాలి.

అంతదూరం పోకముందే ఇంట్లో నియమాలు పెట్టవచ్చు. పెట్టే పద్ధతిని ఆ ఆటలవారి చరిత్రనుంచే నేర్చుకోవచ్చు. యుద్ధం నడుమ వైఫై పీకేస్తే, వాడితో వున్న నలుగురు స్నేహితులూ ఓడిపోతారు; మాట వాడికి వస్తుంది. "వచ్చే సోమవారంనుంచి రాత్రి తొమ్మిది దాటితే లేదు" అని ముందుగా చెబితే గొణుగుతాడు గాని తిరగబడడు. కారణం చెప్పాలి. చెప్పిన మాట మీద నిలబడాలి. "చదవకపోతే ఆట సగం" అనేకన్న, "చదువు ముగించి వస్తే అరగంట ఎక్కువ" అంటే లెక్క దాదాపు ఒకటే అయినా ఇంట్లో శాంతి వుంటుంది. నియమంవల్ల ఏదైనా కానుక, ఏదైనా స్నేహం తెలియకుండా తెగిపోతున్నదేమో వాణ్ణే అడగాలి. అవసరమైతే ఓటు పెట్టాలి. నలుగురున్న ఇంట్లో నూటికి డెబ్బై అయిదంటే ముగ్గురు. అమ్మ, నాన్న ఒక పక్షమైతే, పిల్లలిద్దరిలో ఒకరినైనా ఒప్పించక తప్పదు. ఒప్పించవలసి రావడమే అందులోని మేలు.